సోమేశ్వర్ సార్ భయాల బడి

సోమేశ్వర్ సార్‌కు భయం. దేనికి అని అడిగితే చెప్పడానికి పొద్దు చాలదు; దేనికి భయం లేదో అడగండి, మాట త్వరగా తెమిలిపోతుంది. తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, లా చదివి, లా ఎంట్రన్స్ రాసే మాలాంటి పిల్లలకు లాజికల్ రీజనింగ్ నేర్పే ఈ పెద్దమనిషి ఫ్యాను కింద కూర్చోరు. లిఫ్టు ఎక్కరు. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగిపోతారు. అపశకునమని కాదు, గోకుతుందని.

చిత్రమేమంటే ఆ భయాలన్నీ ఒక పద్ధతిలో ఉండేవి. మామూలు భయస్థులు ఊరికే భయపడతారు. సార్ మాత్రం కారణాలు చూపించి, మెట్టుమెట్టుగా, ఎదుటివాడు కాదనలేనట్టు భయపడేవారు. నేను చేరిన మొదటి వారంలోనే ఫ్యాను సంగతి అడిగాను.

"సార్, గా ఫ్యాను మీ నాయన పెట్టించిండట గద. ఇన్నేండ్ల సంది పడలేదు. ఇప్పుడెందుకు పడ్తది?"

"ఇన్నేండ్లు పడలేదు గాబట్టే బిడ్డా, ఇగ పడే వంతు దగ్గరికొచ్చింది."

"నిన్న పడలేదు గాబట్టి ఇయ్యాల పడ్తదనుడు తప్పు లాజిక్కని మీ పుస్తకంలనే ఉన్నది సార్."

"తప్పే. ఆ ముచ్చట నా బుర్రకు తెలుసు. నా కాళ్లకు తెల్వది" అని కుర్చీ ఇంకాస్త గోడవైపు జరుపుకున్నారు. జరుపుకున్నాక గోడ పైకి చూశారు. అక్కడ బల్లి ఉంది. మళ్లీ ఫ్యాను కిందికి రాలేక, గోడ దగ్గర ఉండలేక, ఆ రోజు పాఠమంతా గుమ్మంలో నిలబడి చెప్పారు.

ఇంత చదువు చదివిన మనిషి కోర్టుకు పోకుండా పప్పు బస్తాల నడుమ ఎందుకున్నట్టు? ఆ కథ ఆయన భార్య రజిని ఆంటీ చెప్పింది. ఆంటీకి భయమంటే ఏమిటో తెలియదు. ఇంటికి సరిపడా భయం ఆయనొక్కరే పడుతున్నప్పుడు తనెందుకు పడాలి అనేది.

సార్ నల్లకోటు వేసుకుని వికారాబాద్ కోర్టుకు వెళ్లిన మొదటి కేసు అది. కోట్‌పల్లి దగ్గర ఎవరి పొలంలోనో నీళ్ల మోటరు దొంగతనమైంది. నేరం మీద పడ్డ మనిషి తరఫున సార్ చక్కగా వాదించారు. మోటరు పోయిన రోజు అతను పరిగి సంతలో ఉన్నాడు, సాక్షులున్నారు, కాబట్టి మోటరు అతను ఎత్తుకుపోలేదు. జడ్జిగారు తలాడించారు. ఇంకెవరైనా అయితే కూర్చుంటారు. సార్‌కు భయం పట్టుకుంది, తన మాటలో లొసుగు ఎవరైనా పట్టుకుంటారేమోనని. ఇంకొకరు పట్టుకునే లోపల తనే చెప్పేస్తే పోతుందనుకుని, "కానీ సార్, పొద్దున సంతకు పోయినోడు సాయంత్రానికల్లా వాపస్ రావచ్చు గూడ. బస్సున్నది" అన్నారట.

"బస్సున్నదని చెప్పి ఊకున్నడా? టైము గూడ చెప్పిండు" అని ఆంటీ ఆ కథ ముగించేది. అవతలి వకీలు నోరు తెరవాల్సిన పనే లేకపోయింది. ఆ కేసును తర్వాత ఇంకొక వకీలు గెలిపించాడు గానీ, సార్ మళ్లీ నల్లకోటు తొడగలేదు. కోట్‌పల్లి వైపు కూడా పోలేదు, ఆ క్లయింటు ఎదురైతే ఏమంటాడోనని భయం.

ఇక నా సంగతి. నా పేరు రెబెక్క. మా నాన్న బాల్‌రాజ్‌ది బండల పాలిష్ చేసే చోట పని. మా అమ్మ మొగులమ్మ సార్ వాళ్ల మిల్లులో పప్పు ఏరేది. నాకు నోరెక్కువ. కుళాయి దగ్గర తగవైతే మా గల్లీ ఆడవాళ్లు నన్ను పిలుచుకుపోయేవాళ్లు. "గీ పిల్లను వకీలు చెయ్యిండ్రి, జడ్జి కాళ్లు మొక్కుతడు" అనేవాళ్లు. నాకూ అదే కోరిక. కానీ ఆ నోరు పరీక్ష హాలు గుమ్మం దాకే. ఇంటర్లో ఎకనామిక్స్ పేపరు చేతికివ్వగానే అక్షరాలు చీమల్లా పరుగెత్తాయి. చెవుల్లో గుయ్‌మన్నది. లేచి చూస్తే నేను వరండాలో బెంచీ మీద ఉన్నాను, ఎవరో ముఖం మీద నీళ్లు చల్లుతున్నారు. ఆ పేపరు తర్వాతి దఫా ఎలాగో గట్టెక్కించాను గానీ, భయం మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. తెల్ల కాగితం చూస్తే చేతులు చల్లబడేవి.

నాన్న చెడ్డవాడు కాదు, చేతకానివాడు. "గీ ఒక్కపారి రాయి బిడ్డా. సీటొస్తే ఎట్లన్న జేసి సదివిపిస్త. రాకుంటే పరిగిల మీ మేనత్త చూపెట్టిన బట్టల దుకాణంల కుదురు" అన్నాడు. రోజంతా చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతపెట్టడం. నాకు కళ్ల ముందు ఆ మడతలే కనిపించేవి. నేను హాల్లో పడిపోయిన సంగతి కొత్తవాళ్లెవరికీ చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. వకీలు కావాలనుకునే పిల్ల ప్రశ్నపత్రం చూసి పడిపోయిందంటే నవ్వరా?

సార్ బడి మిల్లు వెనక గోదాములో. పొద్దున పూట కౌశిక్ అని బంగారం దుకాణం వాళ్ల అబ్బాయి వచ్చేవాడు. మధ్యాహ్నం నేను. ఇద్దరిదీ ఒకే పరీక్ష గదా, కలిపి ఎందుకు చెప్పరు అంటే, "ఇద్దరు జమైతే నన్ను చూసి నవ్వుకుంటరేమోనని భయం బిడ్డా" అన్నారు. ఆయన భయాల్లో ఇదొకటి అనుకుని ఊరుకున్నాను.

పాఠం బస్తాతో మొదలయ్యేది. బస్తాలోకి గుచ్చి గింజలు బయటికి లాగే ఇనుప గొట్టం ఒకటుండేది. సార్ బస్తా మూతి విప్పి అడిగేవారు.

"పప్పెట్లున్నది?"

"మంచిగున్నది సార్."

"పైన సరే, కిందేమున్నది?" అంటూ గొట్టం అడుగుదాకా గుచ్చి లాగేవారు. ఒక్కోసారి నూక వచ్చేది, ఒక్కోసారి రాళ్లు. "మాట గూడ గింతే బిడ్డా. పైన కనబడేది చెప్పిన మాట. అడుగున ఉండేది చెప్పకుండ అనుకున్న మాట. 'వాన పడ్డది, బస్సు రాదు' అన్నడనుకో. అడుగునేమున్నది?"

"వాన పడ్డప్పుడల్ల బస్సు రాదని."

"ఆఁ. గొట్టం ఆడ గుచ్చాలె."

ఇంట్లో వాడే మాటలన్నీ ఆయనకు పాఠాలే. ఇల్లు అలకగానే పండుగ కాదు అనే సామెతను పట్టుకుని వారమంతా వాయించారు. అలకనిదే పండుగ లేదు, కానీ అలికినంత మాత్రాన పండుగ రాదు. కావలసినది వేరు, సరిపోయేది వేరు. ఆ తేడా నాకు తలలో దిగేసరికి మా ఇంట్లో అందరికీ విసుగొచ్చింది. అమ్మ "అన్నం తిన్నవా?" అంటే "తిన్న, కాని కడుపు నిండిందని దానర్థం గాదు" అనేదాన్ని.

ఆంటీ దగ్గర మాత్రం సార్ లాజిక్కు సాగేది కాదు.

"అన్నమైంది, రాండ్రి."

"అన్నమైందంటే కూర గూడ అయినట్టేనా రజినీ? పైన సరే, కింద..."

"కింద మూకుడున్నది. రాకుంటే మీదికొస్తది."

సార్ లేచి వెళ్లిపోయేవారు.

అసలు కష్టం నమూనా పరీక్షలు పెట్టినప్పుడు వచ్చింది. సార్ ప్రశ్నపత్రం తెచ్చారు. నా అరచేతులు తడిశాయి. తల ఎత్తి చూస్తే కాగితం పట్టుకున్న సార్ చేయి నాకంటే ఎక్కువ వణుకుతోంది.

"ఏమైంది సార్?"

"ఏం లేదు బిడ్డా. గీ కాయితం చూస్తే నాకు అక్షరాలు ఉరుకుతున్నట్టు కొడ్తది. సిన్నప్పటి సంది గింతే. చెవులల్ల గుయ్ గుయ్‌మంటది. ఎవ్వరికి చెప్పకు."

ఇన్ని పుస్తకాలు చదివిన మనిషికి అచ్చం నా జబ్బే! పాపం అనిపించింది. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, జర కండ్లు మూసుకుండ్రి. ఒక్క లైను మీద ఏలు పెట్టి సదువుండ్రి, మిగిలినయి ఉరికితే ఉరకనియ్యిండ్రి" అన్నాను. ఆయన అలాగే చేశారు. ఆయనకు చూపించడానికి నేనూ వేలు పెట్టి చదివాను. ఆ రోజు మొదటిసారి పేపరు చివరిదాకా వెళ్లాను.

ఆ తర్వాత ప్రతి పరీక్షకూ ఇదే తంతు. సార్ బెదిరిపోవడం, నేను నచ్చజెప్పడం. ఒకరోజు మార్కులు తక్కువొస్తాయేమోనని భయం, ఇంకోరోజు హాల్లో అందరూ తననే చూస్తారని భయం. ఇంటికొచ్చి "మా సార్‌ను పట్టుకునుడే నాకొక పని" అని అమ్మతో విసుక్కునేదాన్ని. అమ్మ పప్పు చాటలోకి తల ఇంకాస్త వంచుకుని రాళ్లు ఏరేది.

పరీక్ష రోజు వచ్చింది. సెంటరు వికారాబాద్‌లో. తాండూరులో పొద్దుటి రైలెక్కాం, సార్, ఆంటీ, నేను. కౌశిక్ వాళ్ల నాన్నతో కారులో వస్తానన్నాడు. కిటికీలోంచి బండల గుట్టలు వెనక్కి పోతుంటే, వాటితో పాటు నేను చదివిందంతా వెనక్కి పోతున్నట్టుంది. ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తు రాలేదు. పరిగి దుకాణంలో చీరలు మాత్రం రంగులతో సహా గుర్తొచ్చాయి.

ధారూర్ దాటాక రైలు ఆగింది.

"పట్టా ఇరిగిందేమో" అన్నారు సార్.

"పట్టా ఇరిగితే ఆగుతది. ఆగింది గాబట్టి పట్టా ఇరిగిందనరాదు సార్. ఎదురు బండికి దారిస్తున్నరేమో."

"ఎదురు బండి రాకుంటే?"

"రాకుంటే మంచిదే గద, మన బండి పోతది."

"డ్రైవర్ దిగి ఇంటికి పోతే?"

"ఆయన ఇల్లు గీడ ఉన్నదని మీకెట్ల తెలుసు సార్?"

ఎదుటి సీటులో పెద్దాయన కన్నడంలో ఏదో అని నవ్వాడు. ఎదురు బండి పోయింది, మాది కదిలింది. నేనింకా సార్‌తో వాదిస్తూనే ఉన్నాను. వికారాబాద్ వచ్చేసిందని ఆంటీ చెబితే గానీ తెలియలేదు.

సెంటరు గేటు కనబడగానే మాత్రం నాకు వెనక్కి తిరిగిపోవాలనిపించింది. నేను ఆగుదామనుకునే లోపల సార్ ఆగిపోయారు.

"బిడ్డా, మనం వాపస్ పోదాం."

"పరీక్ష మీది గాదు సార్, నాది."

"తెలుసు. అయినా నాకు భయమైతుంది. కాయితం చేతికొస్తది. అక్షరాలు ఉరుకుతయి. పడిపోతం. ఒకపారి అయినంక మల్ల అయితది గద."

నాకు భయం స్థానంలో కోపం వచ్చింది. ఇన్నాళ్లు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, మళ్లీ మొదటికొచ్చారు.

"ఒకపారి అయితే ప్రతిపారి అయితదా? పైన సరే, కిందేమున్నది సార్?"

"నువ్వే చెప్పు."

"అన్ని అప్పటి లెక్కనే ఉన్నయని అనుకుంటున్నరు. ఆ దినం నాకు జరమున్నది. పొద్దటి సంది ఏం తినలే. సదివింది గూడ సగమే. ఇయ్యాల జరం లేదు, ఆంటీ ఉప్మా పెట్టింది, సదవంది లేదు. అది గిదెట్లయితది?"

"పడితే?"

"పడితే లేస్త! అప్పుడు గూడ లేసిన గద, సచ్చిపోయిన్నా?"

నా నోటి నుంచి 'మీరు' పోయి 'నేను' వచ్చిందని ఆ వేడిలో నాకు తెలియలేదు. సార్ కూడా పట్టించుకున్నట్టు లేదు. "అయితే పో బిడ్డా, నేనీడ్నే ఉంట" అన్నారు వణుకుతూ.

"గా చెట్టు నీడకు కూసోండ్రి."

"కొమ్మ ఇరుగుతదేమో."

"అయితే ఎండకు నిలవడుండ్రి!" అని విసురుగా లోపలికి వెళ్లిపోయాను.

హాల్లో పేపరిచ్చారు. పెద్ద పేరాలు, వాటి కింద ప్రశ్నలు. సార్ అలవాటు చేసినట్టు నేను ప్రతి పేరానూ అడుగు వాక్యం నుంచి మొదలుపెట్టి పైకి పోతున్నాను, వేలు పెట్టి. పర్యవేక్షకుడు నన్నే చూస్తున్నాడు. దగ్గరికొచ్చి, "ఏందమ్మా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు.

నాకు కంగారులో మిల్లు మాటే వచ్చింది. "కిందేమున్నదో చూస్తున్న సార్."

అంతే. ఆయన చటుక్కున వంగి నా బల్ల కింద చీటీల కోసం వెతికాడు. బల్ల తడిమాడు. చెప్పులు విప్పమన్నాడు. హాలంతా తలలు తిప్పి నన్నే చూసింది. ఆయనకేమీ దొరక్క గొణుక్కుంటూ వెళ్లిపోయాడు గానీ, నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెవుల్లో ఆ పాత గుయ్‌మనే చప్పుడు. కాగితం మీద అక్షరాలు కదిలాయి. అయిపోయింది, పడిపోతున్నాను, నా బతుకు పరిగిలో మడతలు పెట్టడమే అనుకున్నాను.

అప్పుడు సార్ గుర్తొచ్చారు. ఆయనే ఇక్కడ ఉంటే ఎంత హడలిపోయేవారో! పక్క కుర్చీలో కూర్చుని గజగజ వణుకుతున్నట్టే అనిపించింది. నాకు అలవాటైన పనే కదా. లోపల్లోపల మొదలుపెట్టాను: ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఆయన చూసిండు, ఏం దొరకలే, పోయిండు. అందరు చూస్తున్నరా, చూడనియ్యిండ్రి, వాళ్లకే టైము పోతది. ఒక్క లైను మీద ఏలు పెట్టుండ్రి.

నా వేలు కింద ఒక వాక్యం నిలబడింది. ఊరి గ్రంథాలయానికి ఎవరూ రావడం లేదు, కాబట్టి ఆ ఊరివాళ్లకు చదువు మీద ఇష్టం లేదు అని వాదన. అడుగునేమున్నది? చదువు ఇష్టమున్నవాళ్లందరూ గ్రంథాలయానికే వస్తారని. గొట్టం గుచ్చాను, రాళ్లు బయటపడ్డాయి. తర్వాతి ప్రశ్నకు వెళ్లాను. గంట మోగినప్పుడు నా పేపరు పూర్తయి ఉంది. నేను కుర్చీలోనే ఉన్నాను. అది నమ్మడానికి కాసేపు పట్టింది.

బయటికొస్తే గేటు దగ్గర ఆంటీ, కౌశిక్ ఉన్నారు. కౌశిక్ ఆత్రంగా అడుగుతున్నాడు.

"సార్‌కు ఎట్లున్నది ఆంటీ? పొద్దున ఫోన్ జేసి గడియారం చూస్తే ఊపిరాడుతలేదన్నరు. మస్తు పరేషానైన."

"గడియారమా?" అన్నాను నేను. "సార్‌కు భయం పేపరంటే గద."

"పేపరంటే ఏం భయం? టైము అయిపోతదనే సార్ భయం. నేను గూడ నిరుడు సగం పేపరు ఇడిసిపెట్టి వచ్చినోన్నే గద, ఆయన బాధ నాకెర్కే. రోజు నేనే ధైర్యం చెప్తుంటి."

"రోజు నేను చెప్తుంటి!"

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. రెండు మాటలిచ్చి వీటి నుంచి ఏం తేలుతుంది అని సార్ మమ్మల్ని అడగని రోజు లేదు. ఇప్పుడు తేలింది. ఇద్దరం ఆంటీ వైపు తిరిగాం.

"ఏంది గట్ల చూస్తరు?" అని నవ్వింది ఆంటీ. "ఆయన భయాలల్ల సగం సొంతయి, సగం కిరాయివి. ఫ్యాను, బల్లి, లిఫ్టు, అవి సొంతం. పరీక్షంటే భయమా ఆయనకు? యూనివర్సిటీల బంగారు పతకం తెచ్చుకున్నడు. మీ అమ్మ మిల్లుల కూసోని నువ్వు హాల్ల పడిపోయిన ముచ్చట చెప్పి ఏడ్సింది రెబెక్కా, బిడ్డకు తెల్వనియ్యకుండ్రి అని. ధైర్యం ఇనేటోనికి రాదు, చెప్పేటోనికే వస్తది అంటడు మీ సార్. అందుకే చెప్పేటోళ్లను తయారు చేస్తడు."

నాకు ఒళ్లంతా వెచ్చబడింది. ఇన్ని నెలలూ నేను ఓదార్చింది నన్నే. నా భయాన్ని ఆయన తన భుజం మీద వేసుకుని తిరుగుతుంటే, మా సార్‌ను పట్టుకునుడే ఒక పని అని విసుక్కున్నాను. ఆయన మీద పట్టరాని ప్రేమ కలిగింది. కాస్త కోపం కూడా వచ్చింది, కోర్టులో ఒక్కపూట నిలబడలేని మనిషి మా ఇద్దరి ముందు ఇంత నాటకం ఎలా ఆడారా అని.

"ఇంతకు సార్ ఏడి?" అన్నాడు కౌశిక్.

ఆంటీ రోడ్డు అవతలికి చూపించింది. సార్ టీ కొట్టు గోడకు వీపు ఆనించి, చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉన్నారు. ఎదురుగా చిన్న కుక్క ఒకటి తోక ఊపుతోంది.

"మరి అది?"

"అది సొంతమే. పోయి ఇడిపియ్యిండ్రి" అంది ఆంటీ.

సీటొచ్చింది. నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, పరిగిలో మేనత్తకు ఫోన్ చేసి, "మా బిడ్డ రాదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. కాలేజీ హైదరాబాద్‌లో. నేను బయలుదేరే రోజు అమ్మ, నాన్నతో పాటు సార్, ఆంటీ కూడా తాండూరు స్టేషనుకొచ్చారు. నేను ఎప్పుడూ ఇల్లు విడిచి ఒక్క పూట ఉన్నదాన్ని కాదు. ముందురోజంతా తిండి సయించలేదు. అమ్మ బెంగ పడుతుందని ఆ సంగతి పైకి చెప్పకుండా అందరితో గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్నాను.

రైలు కూత వేసింది. సార్ కిటికీ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"బిడ్డా, కొత్త ఊరు, హాస్టల్ రూము. ఒక్కన్నే పండుకోవాల్నంటే నాకు మస్తు భయమైతుంది."

ఆ రాత్రికి తన ఇంట్లో, తన మంచం మీద, ఫ్యానుకు దూరంగా పడుకోబోయే మనిషి ఈ మాట అన్నారు. వెనక ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆయన కష్టమంతా వృథా అవుతుంది కదా. కిటికీ ఊచల్లోంచి చేయి చాపి ఆయన చేయి పట్టుకుని, మనస్ఫూర్తిగా చెప్పాను.

"ఒక్కరే ఎందుకుంటరు సార్? నేను గూడ ఆడ్నే ఉంట గద."